బీరువా వెనక తలుపు

జ్ఞాపకాలు రాయడానికి ఒక వయసుండాలనీ, ఆ వయసు నాకింకా రాలేదనీ అమ్మ అభిప్రాయం. "ముందు పెళ్ళి చేసుకోవే. తర్వాత రాసుకోడానికి కనీసం బాధలైనా ఉంటాయి" అంటుంది. పెళ్ళయ్యాక అమ్మ ఏమీ రాయలేదు గనుక ఆవిడకి బాధల్లేవనుకోవాలి, లేదా తీరిక లేదనుకోవాలి. నాన్న మొదటిదే నిజమంటాడు. అమ్మ గరిటె కింద పెట్టకుండానే ఆయన వైపు ఓ చూపు చూస్తుంది.

ఇంతకీ నాచేత ఇది రాయిస్తున్నది వయసు కాదు, ఒక బీరువా. మోకాళ్ళ నొప్పులతో పడలేక అమ్మ, అమ్మతో పడలేక నాన్న, న్యూజిలాండ్‌లోనే పాత ఊరొదిలి, కొండవతలున్న టౌను లోవర్ హట్‌లో మెట్లు లేని చిన్న ఇంటికి మారుతుంటే సామాన్లు సర్దడానికి వెళ్ళాను. లారీతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు అన్నీ వెనక తలుపు గుండా మోసుకెళ్ళి, నడవా చివర నిలబడి ఉన్న నల్ల చెక్క బీరువా దగ్గర ఆగిపోయారు. పైనుంచి కిందకి చూశారు. కిందనుంచి పైకి చూశారు. "ఇది వెనకనుంచి పట్టదు. దీని వెనకాల తలుపున్నట్టుందే, తెరవచ్చా?" అనడిగాడు ఒకడు. నేను అమ్మ వైపు చూశాను, అమ్మ నాన్న వైపు చూసింది, నాన్న కప్పు వైపు చూశాడు. పాపం ఆ కుర్రాడికేం తెలుసు, మేమున్న ఇన్నేళ్ళలో ఆ తలుపు తెరిచింది రెండంటే రెండుసార్లని.

మేమా ఊరు వెళ్ళేసరికి నేను ఏడో క్లాసు. రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. గుంటూరులో సందుకో కంప్యూటర్ సెంటర్ వెలుస్తున్న రోజులు. అమ్మ అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. న్యూజిలాండ్‌లో, లోవర్ హట్ దాటి కొండెక్కి దిగితే వచ్చే ఓ చిన్న ఊళ్ళో, ముసలివాళ్ళ హోమ్‌లో ఆవిడకి ఉద్యోగం దొరికింది. ఊరి పేరు చెప్పను. చెబితే నన్ను గుర్తుపట్టేస్తారు, అక్కడున్నది అంతమందే. బయల్దేరేటప్పుడు మా మేనత్త నా బుగ్గలు నిమిరి, "అక్కడన్నీ పెద్ద పెద్ద బిల్డింగులంట. తలెత్తి చూడకు, మెడ పట్టేద్ది" అని జాగ్రత్త చెప్పింది.

బిల్డింగులున్నాయి. ఊరంతా ఒకటే వీధి. ఎదుటనుంచి చూస్తే ప్రతి కొట్టూ రెండంతస్తుల మేడే. నెత్తిన కిరీటంలాంటి గోడ, దాని మీద ఎప్పుడో కట్టించినాయన పేరు, రెండు పక్కలా కలశాల్లాంటి బొమ్మలు. పక్క సందులోకి తిరిగి చూస్తే ఆ గోడ వెనక మేడా లేదు, మిద్దే లేదు, ఒక రేకుల షెడ్డు. నాన్న గుంటూరులో ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. వచ్చిన మర్నాడే వీధి వెనక్కి వెళ్ళి అన్నీ తనిఖీ చేసొచ్చి, "మన పెళ్ళి మండపం టెక్నిక్కే. ముందు థర్మోకోల్ కోట, వెనక టెంటు" అని తేల్చేశాడు. నిజం రాయితో కట్టింది బ్యాంకు ఒక్కటే. లావుపాటి స్తంభాలతో అది ఊరికి పెద్దన్నయ్యలా ఉండేది. డబ్బు దాచుకునేవాడికి ధైర్యం ఇవ్వాలిగా. కోర్టు మా గుంటూరు ఇంటి వంటగదంత. దాని వెనక రెండు గదుల జైలు. మేం వెళ్ళేనాటికి అందులో గడ్డి కోసే మెషిన్లు శిక్ష అనుభవిస్తున్నాయి. ఎప్పుడో ఇంగ్లండు నుంచొచ్చి ఓడలు దిగినవాళ్ళు తాము వదిలొచ్చిన ఊళ్ళని జ్ఞాపకం మీద కట్టుకున్నారనిపిస్తుంది. జ్ఞాపకంలో ముఖాలే మిగులుతాయి, వెనక గదులు మిగలవు. ఈ గొప్ప మాట ఇప్పుడు తోచింది లెండి. అప్పుడు నాకు తోచిందల్లా డెయిరీ ఎక్కడుందని. అక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, మూలమీద కిరాణా కొట్టు. ఐస్‌క్రీమ్ దొరికేది అక్కడే.

మా అద్దె ఇల్లు కూడా ఆ కాలానిదే. చెక్క గోడలు, రేకుల కప్పు, ముందు వరండా, వరండా చూరుకి లేసు అల్లినట్టు కోసిన చెక్క నగిషీ. బయటనుంచి పెళ్ళికూతురిలా ఉండేది. లోపలికొస్తే చలి. మా తాతయ్య జీవితమంతా కష్టపడి రేకులిల్లు పీకించి స్లాబు వేయించాడు. ఆయన కొడుకు సముద్రాలు దాటొచ్చి మళ్ళీ రేకుల కింద పడుకున్నాడు. మొదటి వాన రాత్రి నేనూ అమ్మా లేచి కూర్చున్నాం. నాన్న దుప్పట్లోంచే, "పడుకోండి, గుంటూరులో స్లాబ్ కారేది. ఇది సౌండే" అన్నాడు. ఆ మాట నిజం. ఆ రేకు ఒక్క చుక్కా దింపలేదు.

అసలు సమస్య కప్పు కాదు, దిక్కు. మేం క్రైస్తవులం. వాస్తు నమ్మం. ఈ మాట నాన్న చాలా గట్టిగా చెబుతాడు, ఏ దిక్కుకి తిరిగి చెబుతున్నాడో ఓసారి చూసుకుని మరీ. ప్లాన్లు గీసినన్నాళ్ళూ వచ్చినవాడికల్లా ఆగ్నేయం, ఈశాన్యం, వీధిపోటు అని చెప్పీ చెప్పీ ఆయనకది వంటవాడికి పోపు వాసన పట్టినట్టు పట్టింది. కొత్తింటి తాళంచెవి చేతికొచ్చాక ఆయన చేసిన మొదటి పని ప్రార్థన. రెండోది, దిక్సూచి తియ్యడం.

"సుజాతా, సింహద్వారం దక్షిణం" అన్నాడు, డాక్టరు స్కానింగ్ రిపోర్టు చెప్పినట్టు.

"అయితే?"

"యముడి దిక్కే."

"యముడు మన బైబిల్లో లేడుగా."

"లేడు. నమ్మకపోవడం వేరు, ఎదురెళ్ళడం వేరు."

జాన్సన్‌విల్‌లో ఉండే రమణ అంకుల్‌కి ఫోన్ చేశాడు. అంకుల్ కంప్యూటర్ ఇంజనీరు, నెల్లూరాయన, మాకు ఆ దేశంలో తెలిసిన ఒకే ఒక్క తెలుగు మనిషి. "అన్నా, ఇక్కడ సూర్యుడే ఉత్తరం పక్కనించి పోతాడు. శాస్త్రం రాసినోళ్ళు ఇంత దూరం రాలేదు. ఏది తిరగెయ్యాలో ఏది తిరగెయ్యకూడదో నాకేం తెలుసు? మేం ఇల్లు కొనేటప్పుడు బ్యాంకోడు చూపించిన దిక్కు చూసినాం" అన్నాడు. నాన్న ఫోన్ పెట్టేసి, గుంటూరులో కస్టమర్లకి చెప్పే పరిష్కారమే తనకీ చెప్పుకున్నాడు: చెడ్డ గుమ్మం మూసెయ్, మంచి గుమ్మం వాడుకో. వంటింటి పక్కన వెనక తలుపు ఉత్తరానికి ఉంది, కుబేరుడి దిక్కు. ముందు తలుపుకి గడియ వేసి, దానికి అడ్డంగా ఇంటితోపాటే వచ్చిన బీరువా నిలబెట్టాలని తీర్మానించాడు. వంటిల్లు మాత్రం ఈశాన్యంలో ఉంది. దాని గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడడు.

బీరువా తొయ్యడానికి సాయం వచ్చినవాడు కోలిన్. పక్క పొలం ఆయనదే, గొర్రెలు ఆయనవే, ఇంటి అద్దె వసూలు చేసేదీ ఆయనే. అరవై ఏళ్ళ మనిషి, తలమీద టోపీతోనే పుట్టినట్టుండేవాడు. ఎందుకూ ఏమిటీ అడక్కుండా భుజం ఆనించి బీరువా తోసి, "మంచి పని చేశావ్, ప్రాక్" అన్నాడు. ప్రకాశరావు అన్న పేరు ఆ ఊళ్ళో ప్రాక్ దగ్గరే ఆగిపోయింది. "దక్షిణపు గాలి మంచుకొండల మీంచి నేరుగా ఈ తలుపులోకే వస్తుంది. మా ముత్తాత దీన్ని ఇటెందుకు పెట్టాడో దేవుడికే తెలియాలి." నాన్న ముఖం వెలిగిపోయింది. తన శాస్త్రాన్ని ఓ గొర్రెల కాపరి సమర్థించడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఇహ చూడండి, మేం ఆ తలుపు మూసింది యముడు రాకుండా. ఊరు దాన్ని వేరేగా అర్థం చేసుకుంది. మొదటి వారం ఎవరో కేకు పట్టుకొచ్చి ముందు తలుపు కొట్టారు, లోపల్నుంచి అమ్మ "ఎరౌండ్, ఎరౌండ్" అని అరిచింది. రెండోసారి వాళ్ళు నేరుగా వెనక్కొచ్చారు. మూడోసారి తట్టకుండానే లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అసలు సంగతి తర్వాత కోలిన్ చెప్పాడు. ఆ ఊళ్ళలో ముందు తలుపు కొట్టేది పోలీసు, పాస్టరు, ఏదో ఒకటి అమ్మడానికొచ్చినవాడు. మనవాళ్ళనుకున్నవాళ్ళు వెనకనుంచే వస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళని వెనక తలుపుకి పిలవడానికి మామూలుగా ఏళ్ళు పడుతుందట. మేం వచ్చీ రాగానే ముందు తలుపు పూర్తిగా మూసేసి ఊరు మొత్తాన్నీ వంటింట్లోకి పిలిచేశాం. "ఎంత కలుపుగోలు మనుషులో" అని పేరొచ్చింది. నాన్న ఆ పేరు వద్దనలేదు.

ఆ వంటింట్లోకి ఎక్కువసార్లు వచ్చినావిడ డాట్ మామ్మ. అసలు పేరు డోరతీ, కోలిన్‌కి పిన్ని, వాళ్ళమ్మకి చెల్లెలు. ఇల్లు ఆవిడదే. ముందు గదిలో పుట్టి, తొంభై దాటేదాకా అదే ఇంట్లో ఒంటరిగా ఉండి, కాలు విరిగాక అమ్మ పనిచేసే హోమ్‌లో చేరింది. తను వదిలిన ఇంట్లో అద్దెకున్నవాళ్ళ చేతే స్నానం చేయించుకునే మనిషి ఎలా ఉండాలి? కనీసం మూతి ముడుచుకోవాలి. డాట్ మామ్మ అమ్మ చేతిని వాసన చూసి, "మా వంటింట్లో ఈ వాసన ఎప్పుడూ రాలేదే, ఏం వండుతున్నావ్ సుజ్?" అందట. ఆ రోజు గోంగూర కాదు, గోంగూర దొరక్క పుల్లటి ఏదో ఆకుతో అమ్మ చేసిన ప్రయోగం. ఆదివారం చర్చి అయ్యాక కోలిన్ ఆవిడని మా ఇంటికి భోజనానికి తేవడం అప్పుడే మొదలైంది.

ఇల్లు వాడుకోవడం మాకు నేర్పింది ఆవిడే. బొగ్గు పొయ్యి రాత్రంతా ఆరకుండా ఎలా కప్పాలో, ఏ కిటికీ ఏ కాలంలో తెరవాలో, వాన నీళ్ళ తొట్టి మీద ఎక్కడ తడితే ఎంత నీళ్ళున్నాయో తెలుస్తుందో. పెరట్లో బట్టలుతికే గది విడిగా ఉండేది. అందులో ఇటికెల అరుగు, అరుగులో దిగేసిన పెద్ద రాగి కాగు, కింద కట్టెల పొయ్యి. గుంటూరు పెరట్లో మా నానమ్మ నీళ్ళు కాచేది ఇలాంటిదాంట్లోనే. అమ్మ దాన్ని చూసి దేశం దాటాక మొదటిసారి ఏడ్చింది. సముద్రం చూసి, విమానం చూసి, విడిపోయిన చుట్టాల్ని తలుచుకుని ఏడవని మనిషి, కాగు చూసి ఏడ్చింది. "మేం సోమవారం దీంట్లో దుప్పట్లు ఉడికించేవాళ్ళం, క్రిస్మస్‌కి పుడ్డింగ్ ఉడికించేవాళ్ళం" అంది డాట్ మామ్మ. అమ్మ కళ్ళు తుడుచుకుని, "మధ్యలో కడిగేవాళ్ళా?" అనడిగింది. "అడక్కు డియర్" అంది మామ్మ.

ఆ గది రేకు మీద అమ్మ ఒడియాలు పెడితే, మామ్మ కుర్చీలో కూర్చుని పిట్టల్ని తోలేది. వాళ్ళమ్మ అదే రేకు మీద ఆపిల్ చక్రాలు ఎండబెట్టేదట. నిచ్చెన ఆనించే చోటు కూడా అదే. ఉత్తరపు ఎండలో, నిమ్మకాయ ఊరగాయ వాసనలో ఆవిడ అలా కునుకు తీస్తుంటే నాన్న ఓ రోజు ధైర్యం చేసి, మీ తాతగారు ఇల్లు దక్షిణానికి ఎందుకు తిప్పారండీ అనడిగాడు.

"ఇంగ్లండులో ఎండ దక్షిణం నుంచి వస్తుంది ప్రాక్. ఆయన అన్నీ సర్దుకుని, దక్షిణాన్ని కూడా పెట్టెలో పెట్టుకొచ్చాడు. అతిథులకని కట్టిన ముందు గదంతా చీకట్లో పడింది. మేమెవరమూ ఆ గదిలో కూర్చునేవాళ్ళం కాదు, ఆయన మాత్రం పోయేదాకా కోటేసుకుని అక్కడే కూర్చున్నాడు. తప్పయిందని చెప్పలేదు."

నాన్న ఆ రాత్రి అన్నం తింటూ తింటూ ఆగి, "పాపం, ఆయనది ఇంగ్లండు దక్షిణం. నాది గుంటూరు దక్షిణం" అన్నాడు. "మీరు కోటు వేసుకోలేదు, అదొక్కటే తేడా" అంది అమ్మ.

అన్నీ తెలిసిన డాట్ మామ్మకి ఆ బీరువా సంగతి మాత్రం తెలీదు. ఓ ఆదివారం వాకర్ పట్టుకుని, పాత గది చూస్తానని నడవాలోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. ఎంతసేపటికీ రాకపోతే అమ్మ వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను, ఎందుకంటే నేను అన్నిటికీ వెనకే వెళ్ళేదాన్ని.

"నా తలుపు ఎక్కడికి పోయింది?" అంది మామ్మ.

అమ్మ చలిగాలి అని ఏదో చెప్పబోయింది. మామ్మ వినలేదు. "మా ఇంట్లో ఈ తలుపు రెండిటికే తెరుస్తారు సుజ్. పెళ్ళికూతురు వెళ్ళడానికి, శవపేటిక వెళ్ళడానికి. తిరిగొచ్చేవాళ్ళందరూ వెనకనుంచే. మా అక్కలు ముగ్గురూ దీంట్లోంచే వెళ్ళారు. అమ్మా, నాన్నా, తాతా దీంట్లోంచే వెళ్ళారు. ఈ ఇంట్లో పుట్టి, ఈ గుమ్మం దాటనిది నేనొక్కదాన్నే. పెళ్ళి కాలేదు, ఓ ఛాన్స్ పోయింది. రెండోదైనా వస్తుందా?"

ఇదంతా ఆవిడ బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "నేను చూసుకుంటా మామ్మగారూ" అంది, తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో కూడా అంది. చెప్పేశాక ఆవిడ ముఖం చూడాలి. మాటిచ్చింది నాన్నని అడక్కుండా.

నాన్నకి శవమంటే భయం. తన తండ్రి పోయినప్పుడు కూడా సమాధుల తోట గేటు దగ్గరే నిలబడ్డ మనిషి. అలాంటాయన ఇంట్లోకి వేరెవరి శవమో రావాలి, అదీ దక్షిణపు గుమ్మం గుండా వెళ్ళాలి. అమ్మ ఆ రాత్రి చేపల పులుసు చేసి చెప్పింది. నాన్న పులుసు పూర్తిగా తిన్నాకే, "ఎట్టా మాటిచ్చావే?" అన్నాడు.

"ఆవిడ అట్టా అడిగింది."

"మనం పిల్లతో ఉంటున్న ఇల్లు. గుంటూరులో ఎవరైనా ఒప్పుకుంటారా? మీ అమ్మ ఒప్పుకుంటదా?"

"మా అమ్మ ఈ ఇంట్లో పుట్టలేదుగా."

వారం తర్వాత నాన్న అడితిలో పని ముగించుకుని (అక్కడ కలప అడితిలోనే ఆయనకి ఉద్యోగం) చిత్రిక చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. ముఖంలో పెద్ద లాయర్ కళ. "పోయాక ఎందుకు తీసుకెళ్ళడం? ఉన్నప్పుడే తీసుకెళ్దాం! పెళ్ళికూతురు వెళ్ళే గుమ్మమే కదా. ఆవిడ గుమ్మం దాటినట్టూ ఉంటది, మనింట్లోంచి ఏదీ లేచినట్టూ ఉండదు." అమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. పిరికితనంలోంచి అంత మంచి ఆలోచన పుట్టడం తనెప్పుడూ చూడలేదని తర్వాత నాతో చెప్పింది.

బీరువా జరిపారు. ఏళ్ళనాటి రంగులు పేరుకుని తలుపు చట్రానికి అంటుకుపోయి ఉంది. నాన్న అంచులన్నీ చిత్రిక పట్టి, బందులకి నూనె పోసి, తలుపు చిటికెనవేలితో తెరుచుకునేలా చేశాడు. ఏది చేసినా నీటుగా చెయ్యడం ఆయన బలహీనత. అనుకున్న రోజు డాట్ మామ్మ నీలం టోపీ, చేతులకి తొడుగులు, హోమ్‌లో నర్సులందరూ తలా ఓ సలహా ఇచ్చి వేసిన లిప్‌స్టిక్‌తో వచ్చింది. వచ్చింది మాత్రం వెనక తలుపు గుండానే. నాన్న పెళ్ళి సూటు వేసుకున్నాడు. సూటు ఒప్పుకుంది, బొత్తాలు ఒప్పుకోలేదు. కోలిన్ గొర్రెల్ని ఎక్కించే బండి కడిగి, దుప్పటి పరిచి, ముందు గేటు దగ్గర నిలబెట్టాడు. బండికి కనీసం ఆ ఒక్క రోజైనా గొర్రెల వాసన రాదనుకున్నాం. వచ్చింది.

నాన్న మోచెయ్యి పట్టుకుని ఆవిడ నడవా అంతా నడిచింది. వాకర్ వద్దంది. గుమ్మం దగ్గర ఆగింది. దక్షిణపు వెలుగు బూడిద రంగులో ఉంది. రోడ్డు, రోడ్డవతల కంచె, కంచె మీద ఒక పిట్ట. అమ్మ అప్పటికే కళ్ళొత్తుకుంటోంది. డాట్ మామ్మ అంతా కలియజూసి, "ఇంతేనా? వెనకనుంచి కొండలైనా కనిపిస్తాయి" అంది.

తర్వాత గుమ్మం దాటింది. బండి దగ్గర్నుంచి కోలిన్ చప్పట్లు కొట్టాడు. వరండాలో ఆగి చెక్క నగిషీని ఓసారి చేత్తో తడిమింది. మెట్లు దిగి, గేటు దగ్గరికి వెళ్ళి, వెనక్కి తిరిగి ఇంటి ముఖం చూసింది. తొంభై ఏళ్ళుగా తను వెనకనుంచే వచ్చిపోయిన ఇల్లు. అప్పుడు నాన్న చేతి మీద తట్టి చెప్పింది. "థాంక్యూ ప్రాక్. తలుపు ఇప్పుడు ఎక్కడా అంటుకోవట్లేదు. పెట్టె సులువుగా పట్టేస్తుంది."

ఆ సాయంత్రం నాన్న బీరువాని మళ్ళీ తన చోటికి తోయించాడు. అమ్మ గోడవైపు తిరిగి నవ్వుకుంది.

గొర్రెలు ఈనే కాలంలో, నిద్రలోనే డాట్ మామ్మ పోయింది. ఆ మధ్యాహ్నం కోలిన్ వెనక తలుపు దగ్గర టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన టోపీ తియ్యడం మేం చూడ్డం అదే మొదలు. కింద జుట్టు లేదని అప్పుడే తెలిసింది. లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చుని అమ్మ ఇచ్చిన టీ తాగాడు. ఆ మనిషి అడగడు. సాయం అడగడం కన్నా తడిసిన గొర్రెని భుజం మీద మొయ్యడం తేలికనుకునే జాతి. "చర్చి నుంచే తీసుకెళ్దామనుకుంటున్నాం. సింపుల్‌గా" అన్నాడు కప్పులోకి చూస్తూ. అమ్మ నాన్న వైపు చూడలేదు. అది చూడ్డం కన్నా కష్టం.

నాన్న లేచి నడవాలోకి వెళ్ళి రమణ అంకుల్‌కి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్‌లో గుంటూరుదాకా వినిపించేలా మాట్లాడతాడు గనుక మాకు సగం వినపడింది, అవతలి సగం తర్వాత అంకులే చెప్పాడు.

"వద్దన్నా. ఇంట్లోంచి పరాయి శవం లేవకూడదు. అందులో దక్షిణం."

"మేం క్రైస్తవులం రమణా."

"మరి నన్నెందుకు అడిగినావన్నా?"

నాన్న గొంతు ఇంకా పెంచి, "పరాయి అంటున్నావు. ఆవిడింటికి మనమొచ్చాం గానీ, మనింటికి ఆవిడ రావట్లేదుగా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. నడవాలోంచి పిలుపు వినపడింది. "కోలిన్, ఇలా రా. ఓ చెయ్యి వెయ్యి." తర్వాత చెక్క నేల మీద బీరువా కాళ్ళు గీసుకుంటున్న చప్పుడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి, అవసరం లేకపోయినా గిన్నెలు కడగడం మొదలెట్టింది.

భూస్థాపన రోజు పొద్దున పెట్టె వెనక తలుపు గుండా వచ్చింది, ఆవిడ ఎప్పుడూ వచ్చినట్టే. వంటింట్లో ఎండ పడే చోట కాసేపు ఉంచారు. పాస్టరు ప్రార్థన చేశాడు. మోసేవాళ్ళలో ఒకరు తగ్గారు. కోలిన్ చుట్టూ చూశాడు, చూపు నాన్న మీద ఆగకుండా జాగ్రత్తగా దాటించాడు. నాన్నే ముందుకొచ్చి పిడి పట్టుకున్నాడు. పెట్టె నడవాలో నేరుగా వెళ్ళింది, చట్రానికి ఎక్కడా తగల్లేదు, గోరంత రంగు రాలలేదు. మెట్లు దిగాక నాన్న మొట్టమొదట వెనక్కి తిరిగి చూసింది తలుపు అంచునే. మంచి పనివాడు ఎంత దుఃఖంలోనైనా పని చూసుకుంటాడు.

శవమున్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని అమ్మ పట్టు. వచ్చినవాళ్ళకి వేడిగా టీ ఇవ్వకపోతే ఎలాగని ఊరి ఆడవాళ్ళ పట్టు. చివరికి లాయర్ నాన్నే తీర్పు చెప్పాడు: బట్టలుతికే గది ఇంట్లో భాగం కాదు. అమ్మ రాగి కాగుని పొద్దున్నే తోమి, మళ్ళీ తోమి, నీళ్ళు మరిగించి, అల్లం దంచి, యాలకులు వేసి, టీ పొడి మూట కట్టి దించింది. సమాధుల తోట నుంచి వచ్చిన రైతులు స్కోన్లనే మెత్తటి బన్నులు తింటూ ఆ టీ అనుమానంగా ఓ గుక్క తాగారు. తర్వాత వరస కట్టారు. అప్పట్నుంచీ ఊళ్ళో ఎవరు పోయినా మొదటి ఫోన్ పాస్టరుకి, రెండోది అమ్మకి. అమ్మ మోకాళ్ళు పాడైంది ఆ కాగు దగ్గర నిలబడే అని నా అనుమానం. ఆవిడ ఒప్పుకోదు.

తర్వాత ఆ ఇల్లు కోలిన్ దగ్గర మేమే కొనుక్కున్నాం. నేను చదువుకి డునెడిన్ వెళ్ళాను, ఉద్యోగానికి ఇంకెక్కడికో వెళ్ళాను, ప్రతిసారీ వెనక తలుపు గుండానే. అమ్మ నా పెళ్ళి గురించి ఎత్తినప్పుడల్లా నడవా వైపు చూడ్డం నేను గమనించకపోలేదు. లోవర్ హట్ ఇల్లు చూశాను. రెండు పొరల అద్దాలు, గోడకి వేడి గాలి మెషిన్, వాన పడితే వినపడని కప్పు. దానికి వెనక తలుపనేది లేదు, వెనకంతా ఒకే అద్దం. ముందు తలుపుకి కెమెరా ఉన్న బెల్లు. అందరూ ముందునుంచే రావాలి, వచ్చి తమ ముఖం చూపించుకోవాలి. వెచ్చగా ఉంది, మెట్లు లేవు, అమ్మ మోకాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? నాకే అందులో ఎవరైనా కుర్చీ లాక్కుని కూర్చుంటారా అని చిన్న సందేహం. అమ్మ ఉంటుంది గనుక కూర్చుంటారులే అని సమాధానపడ్డాను.

ఆ సామాన్ల కుర్రాడు ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు. నాన్న కప్పు మీంచి చూపు దించి, బీరువా తలుపు మీద దుమ్ము తుడిచి, "అది ఇంటిది బాబూ. ఇక్కడే ఉంటుంది" అన్నాడు. వాడు బతుకుజీవుడా అనుకుని వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురం చివరిగా వంటింట్లో నిలబడ్డాం. "ఇహ వెళ్ళిపోతున్నాంగా. పోయేవాళ్ళు ముందు తలుపు గుండానే పోవాలనేది డాట్ మామ్మ" అన్నాడు నాన్న. నిజంగానే అన్నాడో, అమ్మ ఏమంటుందో చూద్దామని అన్నాడో తెలీదు.

"నేను పెళ్ళికూతుర్నీ కాదు, ఇంకా పెట్టెలోకీ ఎక్కలేదు. తిరిగొచ్చేవాళ్ళు వెనకనుంచే" అంది అమ్మ. చేతిసంచీ తీసుకుని ఉత్తరపు గుమ్మం దాటేసింది.

నాన్న తాళం వేసి, అలవాటు కొద్దీ తాళంచెవి తీసుకెళ్ళి రాగి కాగు మూత కింద పెట్టేశాడు. కొత్తగా కొన్నవాళ్ళకి అదెక్కడుందో కోలిన్ చెబుతాడులే అన్నాడు. కారు ముందు రోడ్డు మీద ఉంది. ముందు తలుపు గుండా వెళితే ఇట్టే చేరేవాళ్ళం. మేం పెరట్లోంచి కుడికి తిరిగి, ఇంటిని కుడిచేతి వైపు ఉంచుకుని, అమ్మ మోకాళ్ళకి తగ్గట్టు మెల్లగా, గోడ వెంబడే చుట్టూ నడుచుకుంటూ వెళ్ళాం. మేం క్రైస్తవులం గనుక దాన్ని ప్రదక్షిణ అనకూడదు. నడిచాం, అంతే.